జీతగాడిని ఏమని పిలవాలి?

నా పర్యవేక్షణలో పరిశోధన చేసిన ఒక విద్యార్థిని సిద్ధాంత గ్రంథం గత వేసవిలో పరీక్షకుల దగ్గరి నుంచి తిరిగి వచ్చింది. దక్షిణ తెలంగాణ పల్లెల్లో జీతగాళ్ల జీవితాల మీద ఆమె పనిచేసింది. పరీక్షకులలో ఒకరు గ్రంథాన్ని మెచ్చుకుంటూనే ఒక సవరణ కోరారు. జీతగాడిని ‘బానిస’ అని రాయడం ఉద్వేగంతో కూడిన ప్రయోగమనీ, మన దేశంలో బానిసత్వమనే వ్యవస్థ ఏనాడూ లేదనీ, ఆ మాట వచ్చిన ప్రతిచోటా ‘వ్యవసాయ సేవకుడు’ అని మార్చాలనీ ఆయన సూచన.

ఆ అమ్మాయి నా గదిలోకి వచ్చి కూర్చుని కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “సార్, మా నాయిన పదకొండేండ్లు జీతం ఉన్నడు. ఆయన చేసింది సేవనా?”

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. మా తాత కూడా జీతం ఉన్నవాడే. కానీ ఇంట్లో ఆ సంగతి ఎవరూ వివరంగా చెప్పేవారు కాదు. ‘ఫలానా పటేలు దగ్గర ఉండె’ అని ఊరుకునేవారు. ‘ఉండె’ అన్న క్రియ ఒక్కటే మిగిలింది. పని ఏమిటో, ఎన్నేళ్లో, ఎంత అప్పు కిందో అన్నీ అందులోనే మునిగిపోయాయి. పరీక్షకుడి అభ్యంతరం గురించి ఆలోచిస్తున్న ఆ వారం రోజులూ నేను పుస్తకాల కంటే ఎక్కువగా మాటలనే వెతికాను. ఈ వ్యాసం ఆ వెతుకులాట ఫలితం.

ముందుగా ‘జీతం’ దగ్గర మొదలుపెడతాను. సంస్కృత ‘జీవితం’ తెలుగు నోట ‘జీతం’ అయింది. బతుకు అన్న అర్థం నుంచి బతుకుతెరువుకూ, అక్కడి నుంచి పనికి ముట్టే ప్రతిఫలానికీ ఆ మాట జరిగింది. ప్రతి నెలా నా బ్యాంకు ఖాతాలో పడేదీ జీతమే. ఉగాది నుంచి ఉగాదికి ఒక మనిషిని ఆసామి దొడ్లో కట్టిపడేసినదీ జీతమే. తెలుగులో ‘జీతం తీసుకోవడం’ వేరు, ‘జీతం ఉండడం’ వేరు. మొదటిదానిలో జీతం మనిషి చేతికి వస్తుంది. రెండోదానిలో మనిషే జీతంలో ఉంటాడు. ‘జీతానికి పెట్టడం’ అనే మూడో ప్రయోగం కూడా ఉంది. అందులో తండ్రి కర్త, కొడుకు కర్మ. అప్పు తెచ్చినవాడు తండ్రి, పశువుల వెంట పోయేవాడు పదేళ్ల కొడుకు. జ్వరం వచ్చి రాని రోజు ‘నాగా’. ఉగాది నాటికి నాగాలన్నీ లెక్కగట్టి, అన్ని రోజులు అదనంగా చేయించుకుంటారు. ఆ రోజుల్లో తిన్న తిండికి మళ్లీ లెక్క. పత్తో వడ్లో నాగుకు తెచ్చుకుంటే దాని మీద మరో సగం. ఏడాది తిరిగేసరికి అప్పు తగ్గిందా పెరిగిందా అన్నది ఆసామి చేతిలోని పుస్తకానికే తెలుస్తుంది. ఆ పుస్తకం చదవగలిగినవాడు ఆ ఇంట్లో ఆసామి ఒక్కడే.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. వెట్టిచాకిరిని రద్దు చేస్తూ 1975 అక్టోబరులో ఆర్డినెన్స్ వచ్చింది. 1976లో పార్లమెంటు దాన్ని చట్టం చేసింది. విద్యార్థులు ఆ చట్టాన్ని ఒకసారి తెరిచి రెండో సెక్షన్ చదవాలని నా కోరిక. అక్కడ ‘ఒప్పందం’ అన్న మాటను నిర్వచిస్తూ ఒక వివరణ చేర్చారు. కాగితం రాసుకున్నారా లేదా అని చూడనక్కర్లేదు. ఈ కింది పేర్లతో సాగే నిర్బంధ శ్రమలో అప్పిచ్చినవాడికీ తీసుకున్నవాడికీ మధ్య ఒప్పందం ఉన్నట్టే సామాజిక ఆచారాన్ని బట్టి మామూలుగా భావిస్తారు అని దాని సారాంశం. ఆ కింద అక్షర క్రమంలో ముప్ఫై పేర్లు. అడియమార్‌తో మొదలై వెట్టితో ముగుస్తాయి. మధ్యలో భగేలా ఉంది. జీత ఉంది. పాలేరు ఉంది. అంటే మన రెండు తెలుగు రాష్ట్రాల పల్లెల్లో నిన్నమొన్నటి దాకా అతి మామూలుగా పలికిన నాలుగు మాటలు ఆ జాబితాలో ఉన్నాయి. మన రాజ్యాంగం 23వ అధికరణం కూడా ఇంగ్లీషు పాఠంలో ‘బేగార్’ అన్న దేశీ మాటను అనువదించకుండా అలాగే ఉంచింది. ఊరి మాటను ఊరి మాటగానే పట్టుకోకపోతే నేరస్తుడు నిర్వచనం సందుల్లోంచి జారిపోతాడని చట్టం రాసినవారికి తెలుసు.

ఆ జాబితాలో నన్ను ఆపేసినవి వేరే పేర్లు. హొల్య, చెరుమార్. ఇవి పని పేర్లు కావు. ఒకటి కన్నడ దేశపు హొలెయ కులం పేరు, రెండోది కేరళలోని చెరుమ కులం పేరు. నిర్బంధ శ్రమ రూపాలను లెక్కించడానికి కూర్చున్న చట్టం కులాల పేర్లను లెక్కించవలసి వచ్చింది. అదే సెక్షన్‌లో మనిషి ఏయే కారణాలతో వెట్టిలో పడతాడో చెబుతూ అప్పు, ఆచారం, వారసత్వం వంటివాటితో పాటు ‘ఫలానా కులంలోనో సముదాయంలోనో పుట్టినందువల్ల’ అన్న కారణాన్ని కూడా విడిగా పేర్కొన్నారు. మన దేశంలో బానిసత్వం లేదన్న పండితులు ఈ ఒక్క వాక్యానికి ఏం సమాధానం చెబుతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

బానిసత్వం లేదన్న మాట కొత్తది కాదు. క్రీస్తు పూర్వమే మౌర్యుల కొలువుకు వచ్చిన మెగస్తనీసు భారతీయులలో బానిసలు లేరని రాసినట్టు గ్రీకు రచయితలు చెప్పారు. కానీ కౌటిల్యుడి అర్థశాస్త్రంలో దాసుల గురించి ఒక అధ్యాయమే ఉంది. ‘విష్టి’ గురించిన ప్రస్తావనలున్నాయి. ఆ విష్టే మన వెట్టి. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయం ఏడు రకాల దాసులను లెక్కించింది. యుద్ధంలో పట్టుబడినవాడు, తిండి కోసం దాసుడైనవాడు, ఇంట్లో పుట్టినవాడు, కొన్నవాడు, దానంగా వచ్చినవాడు, వంశపారంపర్యంగా వచ్చినవాడు, శిక్షగా దాసుడైనవాడు. దానికి కాస్త ముందే మరో మాట చెప్పింది: యజమాని విడిచిపెట్టినా శూద్రుడికి దాస్యం నుంచి విముక్తి లేదు, ఎందుకంటే అది అతడికి పుట్టుకతో వచ్చింది. నారదస్మృతి నాటికి ఏడు కాస్తా పదిహేను అయ్యాయి. అందులో అప్పు కింద దాసుడైనవాడూ ఉన్నాడు. వర్ణక్రమాన్ని తలకిందులు చేసే దాస్యం మాత్రం కూడదని నారదుడు నియమం పెట్టాడు. పై వర్ణం వాడు కింది వర్ణం వాడికి దాసుడు కాకూడదన్నమాట. ఇంత వివరమైన వర్గీకరణ ఉన్నచోట వ్యవస్థే లేదనడం వింతగా ఉంటుంది.

మరి ‘దాసుడు’ అన్న మాటకు తెలుగులో అంత గౌరవం ఎలా వచ్చింది? దేవుడికి దాసుడు కావడం భక్తి సంప్రదాయంలో గొప్ప పదవి. కంచర్ల గోపన్న రామదాసు అయ్యాడు. ‘దాసోహం’ అన్నది వినయానికి గుర్తయింది. విడిచిపెట్టే స్వేచ్ఛ ఉన్నవాడు తనంతట తాను దాసుడినని చెప్పుకుంటే అది అలంకారం. ఆ స్వేచ్ఛ లేనివాడి నోట ఆ మాటకు వేరే రూపం ఉంది, ‘బాంచన్’. ‘బానిసను’ అన్నదే తెలంగాణ నోట అలా అయిందని చెబుతారు. ‘నీ బాంచన్, కాల్మొక్త’ అన్నది పల్లెల్లో పలకరింపు. దొరతో మాట్లాడే ప్రతి వాక్యానికీ ముందు అది ఉండాలి. ‘వాన వచ్చింది’ అని చెప్పాలన్నా ‘నీ బాంచన్, వాన వచ్చింది’ అనాలి. సినిమాల్లో అదే మాటను హాస్యనటుల చేత పలికించి, థియేటరు నిండా నవ్వించిన రోజులు నాకు గుర్తున్నాయి. నేనూ నవ్వాను. మా నాన్న నవ్వలేదు.

‘దాసి’ సంగతి మరీ ఘోరం. దేవుడి పేరుతో అంకితం చేసిన ఆడపిల్ల ఊళ్లో ఎవరి సొత్తో అందరికీ తెలుసు. జోగిని, బసివి, మాతమ్మ అని ప్రాంతానికో పేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. ఇక దొర కూతురు అత్తారింటికి పోతుంటే సారెతో పాటు పంపిన ఆడబాపల గురించి పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో రాశారు. పెళ్లి సామాన్ల జాబితాలో ఇత్తడి బిందెల పక్కన ఒక మనిషి. పరీక్షకుడి నిఘంటువులో ఆ అమ్మాయి ‘గృహ సేవకురాలు’ కావాలి.

మహాత్మా ఫూలే 1873లో తన గ్రంథానికి ‘గులాంగిరి’ అని పేరు పెట్టారు. దాస్యం అన్న సంస్కృత పదం ఆయనకు అందుబాటులో ఉంది. దాన్ని పక్కనబెట్టి బజారులో, సంతలో జనం వాడే పారశీక వాసన గల మాటను ఎంచుకున్నారు. ఆ పుస్తకాన్ని అమెరికాలో నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేయడానికి పాటుపడిన సజ్జనులకు అంకితం చేశారు. శూద్ర, అతిశూద్రుల స్థితిని ప్రపంచపు బానిసల స్థితి పక్కన నిలబెట్టి చూడాలన్నది ఆ అంకితంలోని ఉద్దేశం. అయితే ఇక్కడ నేను పరీక్షకుడితో ఒక అడుగు కలిసి నడుస్తాను. జీతగాడు, అమెరికా పత్తి తోటల్లోని బానిస అచ్చంగా ఒకటి కారు. జీతగాడిని సంతలో వేలం వేయలేదు. అతడికి పేరుకు ఇల్లు ఉంది, పెళ్లాం పిల్లలు ఉన్నారు. అంబేడ్కర్ ఈ తేడాను చాలా లోతుగా పరిశీలించి, అంటరానితనం బానిసత్వం కంటే హీనమన్న నిర్ణయానికి వచ్చారు. బానిస యజమాని ఆస్తి కాబట్టి అతడి ఆరోగ్యం మీద యజమానికి స్వార్థమైనా ఉంటుంది. అంటరానివాడి విషయంలో ఆ స్వార్థం కూడా లేదు. కాబట్టి ‘బానిస’ అన్న మాట జీతగాడికి ఎక్కువ కావడం అలా ఉంచి, కొన్ని విషయాల్లో అది తక్కువే కావచ్చు.

కుంఫిణీ ఏలుబడిలోని ప్రాంతాలకు 1843లో ఒక చట్టం వచ్చింది. మనిషి మీద యాజమాన్య హక్కును కోర్టులు గుర్తించకూడదన్నది దాని సారం. ఆ తర్వాత కాగితాల్లోంచి బానిస అన్న మాట మెల్లగా తప్పుకుంది. పొలంలోంచి మనిషి తప్పుకోలేదు. నిన్న బానిసగా ఉన్నవాడు రేపటి నుంచి అప్పుపడ్డవాడు అయ్యాడు. నిజాం రాజ్యంలో ఆ చట్టం కూడా లేదు. అక్కడ భగేలా, వెట్టి 1940ల చివరలో జనం తిరగబడేదాకా దర్జాగా నడిచాయి. పేరు మార్చడం వల్ల ఎవరికి లాభమో చెప్పడానికి చరిత్రలో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అణిగినవాడి మాటలు సరే, అణచినవాడి మాటలు కూడా చూడాలి. మన పరిశోధకులు ఈ పని తక్కువగా చేశారు. ‘మోతుబరి’ అన్న మాట అరబ్బీ ‘ముతబర్’ నుంచి వచ్చింది; నమ్మదగినవాడు అని అర్థం. ఎవరు ఎవరిని నమ్మారు? శిస్తు వసూలు చేసే సర్కారు భూమి ఉన్నవాడిని నమ్మింది. ఆ నమ్మకం ఊళ్లో అధికారమైంది. ‘కామందు’ పారశీక ‘ఖావంద్’, అంటే యజమాని. ‘ఆసామి’ ప్రయాణం ఇంకా విచిత్రం. ఉత్తరాదిన ఆ మాటకు కౌలుదారు, బాకీదారు అన్న అర్థాలున్నాయి. మన దగ్గరికి వచ్చేసరికి భూమి, పాడి, పదిమంది పాలేర్లు ఉన్న పెద్దమనిషి అయ్యాడు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ‘రైతు’. అరబ్బీ మూలంలో ఈ మాటకు కాపరి కాచే మంద, పాలితులు అని అర్థం. సుల్తానుకు ప్రజలందరూ రైయతులే. తెలుగునాట ఆ పేరు భూమి పట్టా ఉన్నవాడికి దక్కింది. పాలేరు తన యజమానిని ‘మా రైతు’ అంటాడు. పాలితుడన్న అర్థం గల మాట పాలకుడికి పేరైంది. దున్నినవాడు ఆ పేరు కిందికి రాకుండా పోయాడు. ఇవాళ రైతు సమస్య అని పత్రికల్లో, శాసనసభల్లో మనం చేసే ప్రతి చర్చలోనూ ఈ చరిత్ర కనబడకుండా పనిచేస్తూ ఉంటుంది. పెట్టుబడి సాయం పట్టా ఉన్నవాడికి చేరుతుంది. పట్టా లేకుండా నాగలి పట్టినవాడిని ఏమని పిలవాలో రికార్డులకు తెలియదు.

‘దొర’ విషయంలో మాత్రం తొందరపడి తీర్పు చెప్పకూడదు. తెలంగాణలో గడి లోపలి భూస్వామి దొర. కోస్తాలో తెల్ల అధికారి దొర. కాటన్ దొర అని గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ ప్రేమగానే అంటారు. విశాఖ మన్యంలో కొండదొరలు ఆదివాసులు. అల్లూరి సీతారామరాజు పక్కన నిలిచి తెల్లదొరల మీద పోరాడినవారు గంటందొర, మల్లుదొర. ఒకే మాట గడిలో ఉన్నవాడికీ, అడవిలో ఉన్నవాడికీ చెల్లింది. మాటలో స్వతహాగా విషం ఉండదని, ఎవరి ముందు ఎవరు దాన్ని పలకవలసి వస్తుందో అక్కడే అర్థం పుడుతుందని తరగతిలో చెప్పడానికి నేను ఈ మాటనే వాడతాను. ‘పెత్తనం’ కూడా అంతే. పెద్దతనమే పెత్తనమైంది. ఇంటి పెత్తనం అత్తది అన్నప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు. ఊరి పెత్తనం అన్నప్పుడు చెరువు, శ్మశానం, పంచాయితీ, పోలీసు ఠాణా అన్నీ ఆ మాటలో ఉంటాయి. ఈ మధ్య ఎన్నికల సభల్లో ప్రత్యర్థులను పెత్తందార్లని తిట్టిపోసిన నాయకుల సొంత భూముల విస్తీర్ణం గురించి నేను ఇక్కడ రాయను, పాఠకులకు తెలిసిందే.

మరో చిన్న వ్యాకరణ విషయం. తెలుగులో ‘అణగు’, ‘అణచు’ అని రెండు క్రియలున్నాయి. అణగినప్పుడు తనంతట తాను కిందికి పోతుంది. అణచడానికి ఒకడు కావాలి. ‘అణగారిన వర్గాలు’ అని మనం అలవాటుగా రాస్తున్నాం, ఉపన్యాసాల్లో చెబుతున్నాం. నేనూ ఏళ్లతరబడి రాశాను. ఆ మాటలో అణచినవాడు లేడు. ‘వెనుకబడిన’, ‘బలహీన’ కూడా అంతే. వెనుకబడినవాడిని వెనక్కి నెట్టినవాడెవడు, బలహీనుడి బలం ఏమైంది అన్న ప్రశ్నకు ఆ మాటల్లో చోటులేదు. ‘దళిత’ అన్నది విరగ్గొట్టబడిన, నలగ్గొట్టబడిన అన్న అర్థమిచ్చే మాట; విరగ్గొట్టినవాడు వాక్యంలో ఎక్కడో నిలబడే ఉంటాడు. 1985 జులైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు జరిగాక తెలుగు రాతల్లో ఆ మాట స్థిరపడింది. ‘అగ్రకులాలు’ అన్న మాట పక్కన ‘ఆధిపత్య కులాలు’, ‘పెత్తందారీ కులాలు’ వచ్చి నిలిచాయి. అగ్రం అన్నప్పుడు మనమే వాళ్లను పైన కూర్చోబెడుతున్నాం. ఆధిపత్యం అన్నప్పుడు వాళ్లు చేస్తున్న పనిని చెబుతున్నాం. ఎం.ఎన్. శ్రీనివాస్ 1950లలో ఇదే మాటను సామాజిక శాస్త్రంలో ప్రవేశపెట్టినప్పుడు సంఖ్య, భూమి, రాజకీయ బలం కలిసిన కులాన్ని గుర్తించడానికి వాడారు. తెలుగునాట దళిత ఉద్యమం దానికి రక్తపు మరకను గుర్తుచేసింది.

పత్రికలు ఏ మాటను ఎక్కడ ఖర్చుపెడుతున్నాయో గమనించండి. ‘బానిస’ అన్న పదం దాదాపు రోజూ అచ్చవుతుంది. మద్యానికి బానిసై, ఆన్‌లైన్ ఆటలకు బానిసై, సెల్‌ఫోన్‌కు బానిసై. అదే పత్రికలో లోపలి పేజీలో, ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి అడ్వాన్సు కింద మన ఇటుక బట్టీలకు వచ్చి, బట్టీ దాటి పోవడానికి వీల్లేక అధికారులు విడిపించిన కుటుంబాలు ‘వలస కూలీలు’. తప్పతాగినవాడికి దొరికిన మాట వాళ్లకు దొరకదు. ‘వెట్టిచాకిరి’ అన్న మాట ఏసీ గదుల్లో పది గంటలు పనిచేసే ఉద్యోగులు తమ కోసం వాడుకుంటున్నారు. వాళ్ల కష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి పని చేయించడం నిర్బంధ శ్రమ కిందికే వస్తుందని 1982లో ఆసియాడ్ నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, ఆ న్యాయమూర్తుల మనసులో ఉన్నది రాళ్లు మోసిన కూలీలు.

పరీక్షకుడికి ఇవ్వవలసిన జవాబును నేనూ నా విద్యార్థినీ కలిసి కూర్చుని రాశాం. ఆయన సూచించిన ‘వ్యవసాయ సేవకుడు’ను అంగీకరించలేమని చెప్పాం. కారణంగా 1976 చట్టంలోని ఆ జాబితాను జతచేశాం. అందులో పాలేరుకు కొంచెం కిందుగా ‘సేవక్’, ‘సేవకియా’ అన్న పేర్లు కూడా ఉన్నాయి. ఆయన మర్యాదగా ఉంటుందనుకుని సూచించిన మాట కూడా చట్టం దృష్టిలో వెట్టి పేరే. అదే సమయంలో ఆమె తన గ్రంథంలో ‘బానిస’ అన్న మాటను చాలాచోట్ల తనంతట తానే తీసేసింది. నేను కొంత ఆశ్చర్యపోయాను. ‘జీతగాడు అంటే చాలు సార్, ఎట్ల బతికిండో రాసిన తర్వాత దానికి ఇంకో పేరు ఎందుకు’ అంది. అప్పు ఎంత, నాగాలు ఎన్ని, కొట్టిన దెబ్బలకు పెట్టిన కారణాలు ఏమిటి అన్న పట్టికలు మాత్రం అలాగే ఉంచింది. చట్టం వచ్చిన నాలుగేళ్లకు, 1980లో, పదేళ్ల వయసులో ఆమె తండ్రి జీతానికి కుదిరిన సంగతి మూడో పట్టికలో మొదటి వరుసలో ఉంది. పేరు రాయలేదు.

మౌఖిక పరీక్షకు ముందు ఆ పుట చదివి వినిపించడానికి ఆమె ఊరికి వెళ్లింది. ఆయన మొత్తం విని, ఒక్క దిద్దుబాటు చెప్పారట. పదకొండేళ్లు తప్పు, పన్నెండు. చివరి ఉగాది తర్వాత మరో ఏడాది నాగాల కిందా, తిండి కిందా, తప్పిపోయిన ఎడ్ల కిందా పోయింది. అది జీతంలో లెక్క కాదని ఆసామి అన్నాడు గనుక ఇంట్లో ఎవరూ దాన్ని కలపలేదు. ఆమె ఆ రాత్రే నాకు ఫోన్ చేసి, పట్టికలో అంకె మార్చడానికి ఇంకా గడువు ఉందా అని అడిగింది. ఉందని చెప్పాను.